మన ఊరి కోటకు మనమే టూరిస్టులమైతే: ఖిలా వరంగల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టింది, పెరిగింది హన్మకొండలో. ఖిలా వరంగల్ మా ఇంటి నుంచి బండి మీద అరగంట కూడా పట్టదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లలో అక్కడికి వెళ్లింది లెక్కపెడితే నాలుగు సార్లు. మూడో తరగతిలో స్కూల్ పిక్నిక్ ఒకటి, విజయవాడ చుట్టాలొచ్చినప్పుడు రెండుసార్లు, మా బాబాయి కొడుకు పెళ్లికి ముందు ఫొటోలు దిగుతానంటే గొడుగు పట్టుకోవడానికి ఒకసారి. చూడ్డానికని వెళ్లింది ఒక్కసారీ లేదు. పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున బ్యాగులో నీళ్ల సీసా, నెత్తిన టోపీ పెట్టుకుని, బయటి ఊరివాడిలా వెళ్లాను. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాను. అప్పటి నుంచి ఫ్రెండ్స్, ఆఫీసువాళ్లు, కాలనీవాళ్లు అడుగుతున్న ప్రశ్నలూ నేను చెబుతున్న జవాబులూ ఇవి.

సొంత ఊర్లో టూరిస్టు ఏంటి? పని లేదా?

ఈ ప్రశ్న మొదట అడిగింది మా ఆవిడే. పని ఉంది, అందుకే ఆదివారం పెట్టుకున్నా. మనం హంపీ వెళ్తే పొద్దున ఐదింటికి లేచి, గైడును పెట్టుకుని, ప్రతి రాయి ముందూ ఆగి పేరు అడుగుతాం. అదే మన ఊరి కోటకు వెళ్తే గేటు దగ్గర నిలబడి వచ్చిన చుట్టాలతో "మీరు చూసి రండి, నేను ఇక్కడే ఉంటా" అంటాం. నేను రెండుసార్లు అలాగే అన్నాను, చెరకు రసం బండి దగ్గర కూర్చుని ఫోన్ చూసుకున్నాను. హంపీలో పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే ఏమవుతుందో చూద్దామనిపించింది, అంతే.

అక్కడ ఏముంది, నాలుగు రాతి తోరణాలు తప్ప?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నేనూ మొన్నటిదాకా ఇదే అనుకున్నాను. కోట అనగానే మనకు గోల్కొండలాగా గుట్ట మీద బురుజులు, మెట్లు, రాజుగారి మేడ గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ కనిపించవు కాబట్టి "ఏమీ లేదు" అనేస్తాం. ఇక్కడ కోటంటే గోడలే. ఒకదానిలో ఒకటి గుండ్రంగా కట్టిన గోడలు. మనం ఆ గోడలను దాటుకుంటూ, ఆటోలో పాటలు వింటూ నేరుగా మధ్యకు వెళ్లి, తోరణం ముందు ఫొటో దిగి వచ్చేస్తాం. అంటే కోటను దాటుకుని పోయి, కోట ఎక్కడా అని అడుగుతున్నామన్నమాట.

వెళ్లే ముందు రాత్రి ఒక పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ బొమ్మ పెట్టుకుని ఖిలా వరంగల్ మీద వేలితో పెద్దది చేసి చూడండి. రెండు వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. లోపలిది రాతి గోడ, అడ్డంగా సుమారు 1.2 కిలోమీటర్లు. దాని బయట మట్టి గోడ, అడ్డంగా సుమారు 2.4 కిలోమీటర్లు. సరిగ్గా నడుమ నాలుగు దిక్కులకూ నాలుగు తోరణాలు. నేనైతే ఆ బొమ్మ చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్నేళ్లూ ఆ రోడ్డు వంకర ఎందుకు తిరుగుతుందో నాకు తెలియదు, అది గోడను చుట్టుకుని పోతోందని అప్పుడు తెలిసింది.

ఏడు కోటలుండేవని మా తాత చెప్పేవాడు, నిజమేనా?

మా తాతా చెప్పేవాడు. ఇప్పుడు ఆనవాళ్లు దొరికేవి మూడే: రాతి గోడ, మట్టి గోడ, వాటికి చాలా దూరంలో, వరంగల్, హన్మకొండ రెంటినీ చుట్టేంత పెద్ద ఇంకో మట్టి కట్ట. ఆ మూడోది చాలా చోట్ల ఇళ్ల కిందా రోడ్ల కిందా పోయింది, ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఏడు అనేది కథల్లో లెక్క. మన కథల్లో ఏదైనా ఏడే కదా, ఏడు సముద్రాలు, ఏడుగురు రాజకొడుకులు.

ఎవరు కట్టారు? రుద్రమదేవా?

ఒక్కరు కాదు. కాకతీయులు మొదట హన్మకొండ, అంటే అనుమకొండ, నుంచి ఏలారు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి కాలం నుంచే ఓరుగల్లు వైపు చూపు పడింది. గణపతిదేవుడు (1199 నుంచి 1262) రాతి కోటను కట్టించి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి (1262 నుంచి 1289) రాతి గోడను ఇంకా ఎత్తు చేయించి, బయట మట్టి గోడ, దాని చుట్టూ కందకం తవ్వించింది. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు (1289 నుంచి 1323) బురుజులను బలపరిచాడు. రాతి గోడకు 45 బురుజులున్నాయంటారు, ఒక్కోదాన్ని ఒక్కో నాయకుడికి అప్పగించాడని చెబుతారు. నేను ఒకసారి లెక్కపెట్టడానికి బయలుదేరి తొమ్మిది దగ్గర ముళ్లచెట్లలో ఇరుక్కుని వెనక్కి వచ్చేశాను.

తండ్రి, కూతురు, ఆమె మనవడు కలిసి నూరేళ్లు కట్టిన ఇల్లు అనుకోండి. అటు ఒక గది, ఇటు ఒక వరండా పెంచుకుంటూ పోయారు.

మట్టి గోడలో చూసేదేముంది? అది గట్టులా ఉంటుంది కదా.

గట్టులాగే ఉంటుంది. పైన తుమ్మచెట్లు, మేకలు, అక్కడక్కడా పతంగులు ఎగరేసే పిల్లలు. మా చిన్నప్పుడు దాన్ని గట్టు అనే అనుకున్నాం. కానీ నా మాట విని ఆ గట్టు ఎక్కండి.

1310లో ఢిల్లీ సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం సేనాని మాలిక్ కాఫర్ వెంట వచ్చి ఈ కోటను ముట్టడించింది. ఆ దండయాత్ర గురించి కవి అమీర్ ఖుస్రో పారశీకంలో రాశాడు. ఈ మట్టి గోడ ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం గుచ్చినా దిగదట, యంత్రంతో విసిరిన రాయి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి వచ్చేదట. అది రాసింది మన కవి కాదు, గోడను పగలగొట్టడానికి వచ్చినవాళ్ల కవి. శత్రువు పొగిడిన మట్టి అది. ఇప్పుడు దాని మీద మనం పల్లీ పొట్టు పారేస్తున్నాం. నాకది తెలిసిన రోజు నుంచి ఆ గట్టు ఎక్కేటప్పుడు చెప్పులు విప్పాలా అని ఒక క్షణం తటపటాయిస్తా. ముళ్లుంటాయి, విప్పకండి.

రాతి గోడ దగ్గర ఏం గమనించాలి?

మూడు విషయాలు. ఒకటి, రాళ్ల మధ్య సున్నం లేదు. పెద్ద పెద్ద నల్లసేనపు బండలను చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చారు, వాటి బరువే వాటిని పట్టుకుంది. రెండు, లోపలి వైపు గోడ పొడుగునా మెట్లున్నాయి, స్టేడియంలో గ్యాలరీలాగా. ఏ వైపు నుంచి దాడి జరిగినా సైనికులు మెట్ల దారి కోసం వెతుక్కోకుండా ఉన్నచోటి నుంచే పరుగున పైకెక్కొచ్చు. ఈ సంగతి నాకు అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన చెప్పాడు, టికెట్ లేకుండా. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం, దర్వాజాలు. మీరు లోపలికి వెళ్తుంటే దారి నేరుగా ఉండదు, ఒకసారి పక్కకు తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టాలంటే దానికి నేరుగా జాగా కావాలి. ఆ జాగా ఇవ్వకూడదని అలా కట్టారు. ఇప్పుడు ఆ మలుపులోనే ఆటోలు, ట్రాక్టర్లు ఎదురెదురై ఇరుక్కుంటాయి, హారన్లు కొట్టుకుంటాయి. ఏడు వందల ఏళ్ల కింది ఏర్పాటు ఇంకా పనిచేస్తోంది.

టికెట్ ఎంత? టైమింగ్స్ ఏంటి?

టికెట్ కొనాల్సింది తోరణాలున్న ఆవరణకు. పురావస్తు శాఖవాళ్లది, పెద్ద ఖర్చేమీ కాదు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉండదు. రేట్లు మారుతుంటాయి కాబట్టి నేను అంకె రాయను, వెళ్లే రోజు ఒకసారి చూసుకోండి. గోడలకు, దర్వాజాలకు, గట్టుకు టికెట్ లేదు, గేటు లేదు, టైమ్ లేదు. అందుకే నేను పొద్దున ఆరున్నరకే వెళ్లి ముందు గోడలు చూసుకుని, ఎండ ఎక్కేలోపు తోరణాల దగ్గరికి వస్తా. చుట్టాలతో చేసే క్రమానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఎలా వెళ్లాలి?

వరంగల్ రైల్వే స్టేషన్ నుంచి దగ్గరే, ఆటోలు దొరుకుతాయి. కాజీపేటలో దిగినవాళ్లకు కొంచెం దూరం. సొంత బండి ఉంటే మంచిది, ఎందుకంటే కోట ఒక్కచోట లేదు, నాలుగు దిక్కులా పరుచుకుని ఉంది. సైకిల్ ఉంటే ఇంకా మంచిది.

ఏ నెలలో?

నవంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లు రాళ్ల మీద దోసె పోయొచ్చు. నేను ఒకసారి మే నెలలో పన్నెండింటికి చుట్టాలను తీసుకెళ్లాను, నీళ్లు కారులోనే మర్చిపోయాను. మా అత్తయ్య ఇప్పటికీ వరంగల్ పేరెత్తితే ఆ మధ్యాహ్నమే చెబుతుంది. వానాకాలంలో ఆకుపచ్చగా చాలా బాగుంటుంది కానీ రాళ్లు జారుతాయి.

ఆ తోరణాలు గుడివా, కోటవా? తలుపుల్లేని ద్వారాలెందుకు?

అవి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టినవి. నడుమ ఉన్న గుడి పోయింది, దాని స్తంభాలు, కప్పు ముక్కలు, నందులు, చెక్కుడు రాళ్లు ఆవరణంతా పడి ఉన్నాయి. తోరణాలు మాత్రం నిలబడ్డాయి. నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పైన తామర మొగ్గలు, వేలాడే దండలు, మకరాలు, సింహాలు, అంచున హంసలు. అందుకే హంస తోరణం అనే పేరూ ఉంది, కీర్తి తోరణం అనీ అంటారు.

గుడి కూలి తోరణాలెలా మిగిలాయన్నది నన్ను చాలా రోజులు తొలిచింది. చరిత్రకారుల్లో కొందరు చెప్పే మాట ఏంటంటే, 1323 తర్వాత ఇక్కడ తుగ్లక్‌ల పాలన వచ్చినప్పుడు గుడి ఉన్నచోట మసీదు కట్టుకుని, ఈ తోరణాలను కావాలనే ఉంచుకున్నారట. వాటి మీద దేవుళ్ల బొమ్మలు పెద్దగా లేవు, పూలు, పక్షులు, దండలే, పైగా చూడ్డానికి ఠీవిగా ఉన్నాయి. గెలిచినవాడికీ అవి నచ్చాయన్నమాట. ఇప్పుడు ఆ మసీదూ లేదు. తోరణం మాత్రం 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది, చార్మినార్‌ను నడుమ పెట్టుకుని. మన జేబులో ఉన్న ఎన్నో కాగితాల మీద ఆ బొమ్మ ఉంది. మా ఊర్లో అయితే స్వాగత ద్వారం, బట్టల షాపు బోర్డు, పెళ్లి పత్రిక, ఆఖరికి మిర్చీ బజ్జీ బండి మీద కూడా ఉంది. ఇన్నిసార్లు చూశాక అసలుదాన్ని చూడాలని ఎవరికీ అనిపించదు, అదే మన రోగం.

ఒక చిన్న సలహా. ఎదురుగా నిలబడి ఫొటో దిగేశాక, ఒక తోరణం కింద నిలబడి, ఎదుటి తోరణంలోంచి ఏం కనిపిస్తోందో చూడండి. పడమటి తోరణం దగ్గర పొద్దున్నే నిలబడితే తూర్పు తోరణంలోంచి వెలుగొస్తుంది. మిగతాది నేను చెప్పను.

ఓరుగల్లు అంటే ఒక రాయి అనేనా?

ఒరు కల్లు, ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిలా నగరం. ఆ రాయి ఇంకా ఉంది, కోట లోపలే, ఏకశిల గుట్ట అంటాం. పైన చిన్న గుడి, పక్కనే చెరువు. మెట్లెక్కి పైకి వెళ్తే కోట గుండ్రం కొంత అర్థమవుతుంది. ఇంకో కథ కూడా ఉంది. రెండో ప్రోలరాజు కాలంలో ఒక బండి ఇటు పోతుంటే చక్రం ఒక రాయికి తగిలి ఇనుప పట్టా బంగారమైందట, ఆ రాయి పరుసవేది అని, అదే స్వయంభూ లింగమని గుడి కట్టించారట. బండి ఒరిగిన చోటు కాబట్టి ఓరుగల్లు అని కొందరు పేరు కూడా దానికే ముడిపెడతారు. మా తాత రెండూ చెప్పేవాడు, రోజును బట్టి.

ఖుష్ మహల్ చూడాలా?

తప్పకుండా. తోరణాల నుంచి నడిచేంత దూరమే. లావుపాటి వాలు గోడలు, లోపల ఎత్తైన కమాన్లు, మే నెలలో కూడా కాస్త చల్లగా ఉంటుంది. దీన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని మామూలుగా చెబుతారు. ఆయన అసలు పేరు సీతాపతి, ఓరుగల్లును గెలుచుకున్నట్టు 1504 నాటి శాసనం ఉంది. కానీ ఆ వాలు గోడల తీరు చూసి, ఇది అంతకంటే పాతది, తుగ్లక్‌ల కాలందని అనేవాళ్లూ ఉన్నారు. ఢిల్లీలో తుగ్లక్ కట్టడాలు చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. ఎవరు కట్టినా, కాకతీయుల కోటలో కాకతీయులది కాని ఈ ఇల్లే మిగతావాటికంటే గట్టిగా కప్పుతో సహా నిలబడింది. చుట్టాలను తీసుకొచ్చినప్పుడు ఎవరూ ఇక్కడ ఆగరు, పేరు రాతలు చెక్కే ప్రేమికులు తప్ప. దయచేసి చెక్కకండి.

కోహినూర్ ఇక్కడిదేనట కదా?

అదొక్కటి చెప్పకపోతే మా ఊరివాళ్లు ఒప్పుకోరు. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, బోలెడంత ధనం ఇచ్చి పంపాడు, అది నిజం. అందులో కోహినూర్ ఉందని గట్టిగా చెప్పే ఆధారం మాత్రం లేదు. ఆ పేరుతో వజ్రం చరిత్రలో స్పష్టంగా కనిపించేది 1739లో నాదిర్ షా ఢిల్లీ దోపిడీ దగ్గరి నుంచి. మీ పిల్లలకు కథగా చెప్పండి, పరీక్షలో రాయొద్దనండి.

మరి కోట ఎలా పడిపోయింది?

ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, మొదటిసారి వచ్చి ముట్టడించి గెలవలేక దేవగిరికి వెనుదిరిగాడు. 1323లో మళ్లీ వచ్చాడు. నెలల తరబడి ముట్టడి తర్వాత కోట లొంగింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు, తర్వాత వచ్చిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనంలో ఈ మాట ఉంది. కొన్నేళ్లకే ముసునూరి నాయకులు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నారు, సుల్తాన్‌పూర్ అనే పేరు మా ఊర్లో ఒక్కరికీ గుర్తు లేకుండా పోయింది.

గైడు కావాలా?

ఒకసారి పెట్టుకోండి. కానీ గైడు చెప్పేదంతా తోరణాల ఆవరణలోనే అయిపోతుంది. బయటి గోడల దగ్గర మీకు మీరే గతి. లోపల నివాసం ఉండే పెద్దవాళ్లను అడగండి, "ఏం పెద్దమ్మా, ఈ దర్వాజా పేరేంటి" అంటే చాలు, అరగంట కూర్చోబెడతారు. చెప్పేదాంట్లో సగం పుస్తకాల్లో ఉండదు, ఇంకో సగం నిజం కాకపోవచ్చు, అయినా వినండి.

లోపల మనుషులుంటారా?

ఉంటారు, ఒక ఊరే ఉంది. ఇళ్లు, బడి, గుళ్లు, మసీదు, కిరాణా కొట్లు, పొలాలు. కాకతీయుల స్తంభానికి బర్రెను కట్టేసి ఉండటం నా కళ్లతో చూశా. దీని మీద రెండు వాదాలున్నాయి. వీళ్లను పంపించేసి అంతా పచ్చిక పరిచి శుభ్రంగా పెట్టాలనేది ఒకటి. ఊరిని ఉండనివ్వాలనేది ఇంకొకటి. ఉన్నవాళ్లకూ ఇళ్లు రిపేరు చేసుకోవాలన్నా, గది కట్టుకోవాలన్నా అనుమతులతో నానా తిప్పలు. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి ఉండాలి. చట్టం అవసరమే, లేకపోతే ఇప్పటికి తోరణం పక్కన అపార్ట్‌మెంట్ లేచేది. కానీ ఆ ఊరు ఖాళీ చేస్తే కోట బాగుపడుతుందని నేను అనుకోను. మనుషులు లేని కోటలు చాలా చూశాను, సాయంత్రం ఐదు దాటితే అక్కడ కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ఇక్కడ సాయంత్రం ఐదుకు దర్వాజా అరుగు మీద ముసలాయనలు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారు. కోట కట్టింది ఊరి కోసమే కదా.

ఫొటోలు? డ్రోన్?

ఫోన్‌తో ఎన్నైనా తీసుకోండి. డ్రోన్ వద్దు, అనుమతి లేకుండా కుదరదు. పెళ్లి షూటింగులవాళ్లు పొద్దున్నే దిగుతారు, తోరణం కింద పొగ బుడ్లు పెడతామని గొడవ పడుతుంటారు, మీ టైమ్ దాన్ని బట్టి చూసుకోండి.

పిల్లలు విసుగు పడరా?

తోరణాల దగ్గర పది నిమిషాల్లో విసుగు పడతారు. మా ఎనిమిదేళ్ల దాన్ని మట్టి గోడ మీదికి తీసుకెళ్లి, "నువ్వు ఏనుగు మీద వస్తున్నావు, ఎట్లా లోపలికి వస్తావ్ చెప్పు" అన్నాను. గంటన్నర అక్కడే ఆడింది. చివరికి ఏనుగును బయట పార్క్ చేసి నడిచి వస్తానంది.

అదే రోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప అన్నీ చూడొచ్చా?

బయటి ఊరివాళ్లు చూడొచ్చు, వాళ్లకు వేరే దారి లేదు. మీరు ఇక్కడివాళ్లు, మీకు తొందరేంటి? వేయిస్తంభాల గుడికి ఇంకో ఆదివారం పెట్టుకోండి, విప్పేసి ఏళ్లపాటు రాళ్ల కుప్పలుగా ఉన్న కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి 2024లో తెరిచారు, దాన్ని చూడ్డానికే ఒక పూట కావాలి. రామప్ప పాలంపేటలో ఉంది, ఇక్కడి నుంచి అరవై ఐదు కిలోమీటర్ల పైనే, ములుగు జిల్లా. 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మీకొక సంగతి చెప్పాలి, 2014లో తాత్కాలిక జాబితాకు వెళ్లినప్పుడు రామప్ప, వేయిస్తంభాల గుడి, మన కోట తోరణాలు మూడూ కలిసే వెళ్లాయి. చివరికి రామప్ప ఒక్కటే దక్కించుకుంది. మిగతా రెండింటి చుట్టూ మన ఊరు అల్లుకుపోయి ఉంది మరి. రామప్పకు దక్కినందుకు సంతోషమే, కానీ కొంచెం కుళ్లు కూడా ఉంది, దాచడం దేనికి.

తినడానికి?

కోట దగ్గర మక్క కంకులు, జామకాయలు, చెరకు రసం, బజ్జీలు. మంచి భోజనం కావాలంటే వరంగల్ వైపో, హన్మకొండ చౌరస్తాకో రావాల్సిందే. నేను ఇంటి నుంచి సర్వపిండి కట్టుకుని పోతా, గట్టు మీద కూర్చుని తింటా. కాగితం మళ్లీ బ్యాగులోనే పెట్టుకుంటా, మీరూ పెట్టుకోండి.

అమెరికా నుంచి అన్నయ్య వాళ్లొస్తున్నారు, ఎంత టైమ్ పెట్టుకోమంటారు?

వాళ్ల పిల్లలకు రెండు గంటలు. మీ అన్నయ్యకు పూర్తి పూట. బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు ఇది సగం ఊరు సగం పరాయి ఊరు, వాళ్లు ప్రతి సందు దగ్గర ఆగి "ఇక్కడ ఫలానా కొట్టు ఉండేది కదరా" అంటారు. మా ఫ్రెండ్ ఒకడు న్యూజెర్సీ నుంచి వచ్చి తోరణాలు ఐదు నిమిషాల్లో చూసేసి, చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్న దర్వాజా దగ్గర ముప్పావుగంట నిలబడ్డాడు.

మా అమ్మానాన్నలు "చూసిందే కదా, మళ్లీ ఏం చూస్తాం" అంటున్నారు. ఎలా తీసుకెళ్లాలి?

కోటకు అనకండి. గుడికి అనండి. శివరాత్రి ముందు మా అమ్మతో అలాగే అన్నాను, ఖిలాలో ఇప్పుడున్న స్వయంభూ శివుడి గుడిలో దర్శనం చేసుకుని వద్దామని. దర్శనం అయ్యాక చిన్నగా దర్వాజా వైపు నడిపించాను. మా అమ్మమ్మగారి ఊరు వరంగల్ దగ్గరేనని తెలుసు కానీ, అమ్మ చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఖిలాలో తన మేనత్త ఇంట్లో ఉండేదని నాకు ఆ రోజు దాకా తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు, నేను ఒక్కసారీ అడగలేదు. రాతి గోడ మెట్లను చూడగానే "ఇటు రా" అని నాకంటే ముందు నడిచింది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో మేడ మెట్లు ఎక్కని మనిషి, అక్కడ ఆరో మెట్టుదాకా ఎక్కి కూర్చుంది. చేత్తో దుమ్ము తుడిచింది. బండ మీద అష్టాచెమ్మా గళ్లు చెక్కి ఉన్నాయి, ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో. "మా మేనత్త కూతురు నేను ఇక్కడే ఆడేవాళ్లం, గవ్వలు దొరక్కపోతే చింతగింజలు పగలగొట్టుకుని" అంది. గళ్లు సగం అరిగిపోయి ఉన్నాయి. పక్కనే ఎవరో పిల్లలు వదిలేసి పోయిన చింతగింజలు నాలుగు ఉన్నాయి, అమ్మ ఒకటి తీసి కొంగుకు కట్టుకుంది.